పడుతుంది సరే... పనిచేస్తుందా?

ఇంట్లో డెస్క్‌టాప్ ఒకటి ఉంటుంది. ఏ 2016లోనో పెద్దమ్మాయి ఇంజినీరింగులో చేరినప్పుడు అప్పో సప్పో చేసి కొన్నది. అమ్మాయి చదువైపోయింది. ఉద్యోగం వచ్చింది. కంపెనీవాళ్లిచ్చిన ల్యాప్‌టాప్ పట్టుకుని వేరే ఊరు వెళ్లిపోయింది. సిస్టం మాత్రం హాల్లో ఓ మూల గుడ్డ కప్పుకుని కూర్చుంది. ఇప్పుడది తమ్ముడి వంతు. వాడు స్విచ్ వేసి, వంటింట్లోకి వెళ్లి, పాలు తాగి వచ్చినా ఇంకా గుండ్రంగా చుక్కలు తిరుగుతూనే ఉంటాయి. దానికి తోడు విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14న మద్దతు ఆపేసింది. పోనీ విండోస్ 11 వేద్దామంటే ఈ ప్రాసెసర్‌కి కుదరదు పొమ్మంటుంది.

సరిగ్గా అప్పుడే చుట్టపుచూపుగా వచ్చిన తమ్ముడి కొడుకు సలహా ఇస్తాడు. ‘‘మొత్తం మార్చడం ఎందుకు పెదనాన్నా? ప్రాసెసర్ ఒక్కటి మార్పించండి. ఎనిమిదో జనరేషన్ ఐ5 అయితే విండోస్ 11 ఎక్కుతుంది. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వస్తుంది.’’ ఇంటాయనకు మాట నచ్చుతుంది. బజారుకెళ్లి అడుగుతాడు, ‘‘మా దాంట్లో ఇది పడుతుందా బాబూ?’’ అని. ‘‘ఎందుకు పడదు సార్, రెండూ 1151 సాకెట్టే’’ అంటాడు కౌంటర్లో కుర్రాడు.

అతను చెప్పింది అబద్ధం కాదు. నిజంగానే పడుతుంది. అంచుల్లోని నొక్కులు సరిపోతాయి, పైన రేకు మూసుకుంటుంది, లివర్ బిగుసుకుంటుంది. స్విచ్ వేస్తే ఫ్యాను కూడా తిరుగుతుంది. తెర మీద మాత్రం బొమ్మ రాదు. ఎంతసేపు చూసినా రాదు. వాడిన సరుకు కాబట్టి వెనక్కి తీసుకోనంటాడు షాపువాడు. తన చిప్పు మంచిదేనని వేరే బోర్డులో పెట్టి చూపిస్తాడు కూడా. అందులో భేషుగ్గా పనిచేస్తుంది. ఇక ఇంటాయన ముందున్నవి రెండే దారులు. కొన్నదాన్ని సొరుగులో పడేయడం, లేదా దానికి తగిన బోర్డు కొనడం. నాడా దొరికిందని గుర్రం కొన్నట్టు!

మన మాటల్లో ‘పట్టడం’ వేరు, ‘పనిచేయడం’ వేరు. పాత కంప్యూటర్‌ని అప్‌గ్రేడ్ చేసే ఇళ్లలో డబ్బు నీళ్లపాలయ్యేది ఈ రెండు మాటల మధ్య ఉన్న సందులోనే.

అసలు సంగతి పెట్టె లోపల

చాలా ఇళ్లలో ‘సీపీయూ’ అంటే బల్ల కింద ఉండే పెట్టె. నిజానికి ఆ పెట్టె పేరు క్యాబినెట్. సీపీయూ అంటే ప్రాసెసర్. అగ్గిపెట్టె అంత కూడా మందం ఉండని చదరపు చిప్పు. అది కూర్చునే పీట సాకెట్. ఆ సాకెట్‌ని, ర్యామ్‌ని, హార్డ్‌డిస్క్‌ని, మిగతా సరంజామానంతా మోసే పెద్ద పలక మదర్‌బోర్డు. ఆ బోర్డు మీద రాకపోకలు చూసే మరో చిప్పు ఉంటుంది. దాని పేరు చిప్‌సెట్. హెచ్61, హెచ్110, బీ450 లాంటి పేర్లు వినే ఉంటారు. అవన్నీ చిప్‌సెట్ల పేర్లే.

ఇప్పుడు నమ్మడం కష్టం కానీ, ఒకప్పుడు ఈ గొడవ ఇంత లేదు. 1990ల మధ్యలో ‘సాకెట్ 7’ అని ఉండేది. అందులో ఇంటెల్ పెంటియం పట్టేది, ఏఎండీ కె6 పట్టేది, సిరిక్స్ కంపెనీ చిప్పులూ పట్టేవి. బోర్డు ఒకటే, చిప్పు మనిష్టం. 1997లో ఇంటెల్ పెంటియం 2ను వీడియోగేమ్ క్యాసెట్‌లా తయారుచేసి, ‘స్లాట్ 1’ అనే కొత్త గాడిలో నిలబెట్టింది. అక్కడి నుంచి ఎవరి దారి వారిదైంది. తర్వాత ర్యామ్‌ని నడిపే పని కూడా చిప్‌సెట్ చేతిలోంచి ప్రాసెసర్‌లోకి వెళ్లింది. ఏఎండీ 2003లో ఆ పని చేస్తే ఇంటెల్ 2008లో చేసింది. దాంతో ఏ ర్యామ్ వాడాలో కూడా ప్రాసెసరే తేల్చే పరిస్థితి వచ్చింది. బోర్డుకీ ప్రాసెసర్‌కీ ముడి ఇంకా బిగిసింది.

ఇంటెల్ వైపు సాకెట్లు మారిన తీరు చూస్తే తల తిరుగుతుంది. 2004లో 775. 2009లో 1156. 2011లో 1155. ఒక్క పిన్ను తేడా అయినా అందులోది ఇందులో కూర్చోదు. 2013లో 1150, 2015లో 1151, 2020లో 1200, 2021లో 1700, 2024లో 1851. ఇందులో సాంకేతిక అవసరం కొంత ఉంది. ప్రాసెసర్ అమ్మే కంపెనీయే చిప్‌సెట్ కూడా అమ్ముతుంది కాబట్టి వ్యాపారమూ కొంత ఉందని ఎవరైనా అనుకుంటే తప్పు పట్టలేం.

ఒకే పేరు, రెండు కాపురాలు

అంకె మారితే కనీసం తెలుస్తుంది. అంకె మారకుండా మారినప్పుడే చిక్కు. పైన చెప్పిన ఇంట్లో జరిగింది అదే.

1151 సాకెట్‌తో 2015లో ఇంటెల్ ఆరో జనరేషన్ వచ్చింది. 2017 జనవరిలో ఏడో జనరేషన్ వచ్చింది. ఈ రెండూ 100, 200 వరస చిప్‌సెట్ల మీద నడుస్తాయి. మన ఊళ్లలో తక్కువ ధరకు కట్టించుకున్న సిస్టంలలో ఎక్కువగా కనిపించే హెచ్110 ఆ వరసలోదే. అదే 2017 అక్టోబరులో ఎనిమిదో జనరేషన్ వచ్చింది. సాకెట్ పేరు 1151. పిన్నులూ అన్నే. కానీ ఆ చిప్పులో కోర్లు పెరిగాయి. ఐ3లో రెండు నాలుగయ్యాయి, ఐ5లో నాలుగు ఆరయ్యాయి. పెరిగిన సంసారానికి కరెంటు ఎక్కువ కావాలి కదా! అందుకని అంతకుముందు ఖాళీగా వదిలిన పిన్నుల్లో కొన్నింటిని కరెంటుకి కేటాయించి, పిన్నుల అమరిక మార్చామని ఇంటెల్ చెప్పింది. కాబట్టి ఎనిమిదో, తొమ్మిదో జనరేషన్లకు 300 వరస చిప్‌సెట్ ఉన్న బోర్డే కావాలి. అంటే హెచ్310, బీ360, బీ365, జెడ్370 లాంటివి. కొందరు ఔత్సాహికులు పాత బోర్డుల బయోస్ మార్చి, చిప్పు అడుగున టేపు ముక్కలంటించి ఎనిమిదో జనరేషన్‌ని నడిపించిన మాట నిజమే. అది సరదా. పిల్లాడి ప్రాజెక్టు రిపోర్టు ఉన్న కంప్యూటర్ మీద చేసే పని కాదు.

మరి హెచ్110 బోర్డు ఉన్నవాళ్లకు దారే లేదా అంటే, ఉంది. అదే బోర్డు మీద ఐ3-6100 తీసేసి ఐ7-7700 పెట్టుకోవచ్చు. రెండు కోర్లు నాలుగవుతాయి. బయోస్ కొత్తదై ఉండాలి, అంతే. వేగం కచ్చితంగా పెరుగుతుంది. అయితే ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఏడో జనరేషన్లో ఒకటీ అరా మినహా ఏదీ విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకొన్న జాబితాలో లేదు. వేగం కోసమైతే ఐ7-7700 సరే. విండోస్ 11 కోసమైతే దాని మీద పెట్టే ప్రతి రూపాయీ దండగ. చాలామంది ఈ రెండు కోరికల్నీ ఒక్కటిగా కలిపేసుకుని బజారుకెళతారు.

ప్రాసెసర్ ఏ జనరేషనో తెలుసుకోవడం తేలికే. ఐ3, ఐ5, ఐ7 అన్న మాట చూడొద్దు. దాని పక్కనున్న అంకె చూడాలి. ఐ5-3470లో మొదటి అంకె 3, కాబట్టి మూడో జనరేషన్. ఐ5-8400 ఎనిమిదోది. 10400 అంటే పదోది. 650 అని మూడంకెలే ఉంటే మొట్టమొదటి తరం. ‘ఐ7 సార్, హైఎండ్’ అని ఎవరైనా అంటే ఆ హైఎండ్ ఏ సంవత్సరానిదో అడగాలి. 2011 నాటి ఐ7-2600లోనూ కోర్లు నాలుగే, 2018లో బడ్జెట్ సిస్టంలలో వచ్చిన ఐ3-8100లోనూ నాలుగే.

ముందు బోర్డు పేరు, తర్వాతే బేరం

పెళ్లిచూపుల్లో ముందు గోత్రం అడిగినట్టు, ఇక్కడ ముందు అడగాల్సింది బోర్డు మోడల్. అది తెలియకుండా ప్రాసెసర్ కొనడానికి బయల్దేరకూడదు.

పెట్టె విప్పక్కర్లేదు. కీబోర్డు మీద విండోస్ మీట, ‘ఆర్’ కలిపి నొక్కి, వచ్చిన చిన్న గడిలో ‘ఎంఎస్ఇన్ఫో32’ అని ఇంగ్లిష్‌లో టైపు చేస్తే ఓ పట్టిక తెరుచుకుంటుంది. అందులో బేస్‌బోర్డు అన్న చోట తయారీదారు పేరు, మోడల్ కనిపిస్తాయి. బయోస్ వెర్షన్, తేదీ కూడా అక్కడే ఉంటాయి. మూడూ కాగితం మీద రాసుకోవాలి. ‘సీపీయూ-జెడ్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అయితే సాకెట్, చిప్‌సెట్ కూడా చెబుతుంది. సిస్టం ఆన్ కాకపోతే మాత్రం పెట్టె పక్క రేకు విప్పాల్సిందే. ర్యామ్ గాళ్ల దగ్గరో, కార్డులు గుచ్చే గాళ్ల మధ్యో పెద్దక్షరాలతో మోడల్ అచ్చేసి ఉంటుంది. మూలన చిన్నగా రివిజన్ 1.0 అనో 2.0 అనో ఉంటుంది. దాన్ని తేలిగ్గా తీసేయొద్దు. ఒకే మోడల్లో రివిజన్ మారితే పట్టే ప్రాసెసర్ల జాబితా మారిన బోర్డులున్నాయి.

ఆ మోడల్ పేరుతో తయారీదారు వెబ్‌సైట్‌కి వెళితే ‘సీపీయూ సపోర్ట్ లిస్ట్’ ఉంటుంది. ఆ బోర్డు మీద ఏయే ప్రాసెసర్లు నడుస్తాయో, ఒక్కోదానికి కనీసం ఏ బయోస్ వెర్షన్ ఉండాలో వరసగా రాసి ఉంటుంది. ఈ వ్యవహారంలో నమ్మదగిన కాగితం ఇదొక్కటే. షాపతని జ్ఞాపకం కాదు, పక్కింటి అబ్బాయి అనుభవం కాదు, సాకెట్ అంకె కూడా కాదు. జాబితాలో ఉందా, కొనొచ్చు. లేదా, ఎంత చవగ్గా వచ్చినా వద్దు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లేవాళ్లయితే, ఆ జాబితాని సెల్‌ఫోన్‌లో తీసి కౌంటర్ ముందు పెట్టడం మంచిది. బేరం తీరే మారిపోతుంది.

పెద్ద కంపెనీల బ్రాండెడ్ పెట్టెలు ఉన్నవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. బ్యాంకులు, ఆఫీసులు వాడి వదిలేసిన ఆ పెట్టెలు సెకండ్‌హ్యాండ్‌లో మన దగ్గర బాగా అమ్ముడవుతాయి. మంచి సరుకే. కాకపోతే వాటి బోర్డులు ఆ పెట్టెల కోసమే చేసినవి. చాలా వాటిలో పవర్ సప్లై తీగలూ మామూలు ఎస్ఎంపీఎస్‌లా ఉండవు. చిప్‌సెట్ ఒకటే అయినా, ఆ మోడల్‌తో కంపెనీ ఏయే ప్రాసెసర్లు అమ్మిందో వాటికి మించి బయోస్ ఒప్పుకోకపోవచ్చు.

హెచ్61 ఇళ్లు

2011 నుంచి 2013 దాకా కొన్న సిస్టంలలో చాలావాటిలో హెచ్61 బోర్డు ఉంటుంది. 1155 సాకెట్. పెంటియమో, ఐ3-2100 లాంటిదో పెట్టి ఇచ్చి ఉంటారు. పన్నెండు పదమూడేళ్లయినా ఇంకా నడుస్తున్నవి ఎన్నో. వీటిలో రెండో జనరేషన్ ఐ5-2400, ఐ7-2600 దాదాపు అన్నింటా పనిచేస్తాయి. మూడో జనరేషన్ ఐ5-3470, ఐ7-3770 కూడా పనిచేస్తాయి, బయోస్ మారిస్తే.

ఆ ‘మారిస్తే’ దగ్గరే ఆగాలి. మూడో జనరేషన్ 2012 ఏప్రిల్లో వచ్చింది. అంతకుముందు తయారైన బోర్డుకు అలాంటి చిప్పు ఒకటి పుడుతుందనే తెలియదు. బయోస్ అంటే స్విచ్ వేయగానే అన్నిటికన్నా ముందు లేచి ఇల్లు చక్కబెట్టే సాఫ్ట్‌వేర్. దానికి కొత్త చిప్పు ముక్కూ మొహం తెలియకపోతే లోపలికి రానివ్వదు. కాబట్టి పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి, తర్వాతే కొత్తది పెట్టాలి. వరస తప్పితే తెర నల్లగానే ఉంటుంది. ఆ కాలపు కొన్ని బోర్డుల్లో బయోస్‌తో పాటు ‘ఎంఈ’ అనే ఇంకో ఫర్మ్‌వేర్‌ని కూడా మార్చాల్సి వచ్చేది. తయారీదారు పేజీలో ఆ ముక్క రాసి ఉంటుంది. చదవకుండా దాటేయకూడదు.

బయోస్ మార్చేటప్పుడు సరిగ్గా అదే మోడల్, అదే రివిజన్ ఫైలు వాడాలి. మధ్యలో కరెంటు పోకూడదు. వేసవిలో మధ్యాహ్నం పూట, యూపీఎస్ బ్యాటరీ ఎన్నాళ్ల క్రితందో తెలియని ఇంట్లో ఈ పనికి పూనుకోవడం అంత మంచిది కాదు. సగంలో ఆగితే బోర్డు లేవదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇలాంటి దానికే. అందుకే నడుస్తున్న సిస్టంకి ఊరికే బయోస్ మార్చడం వద్దు. కొత్త ప్రాసెసర్‌కి అవసరమని జాబితా చెప్పినప్పుడే మార్చాలి.

తర్వాత వేడి సంగతి. ప్రతి ప్రాసెసర్‌కీ ‘టీడీపీ’ అని ఓ లెక్క ఉంటుంది. ఇది పార్టీ కాదు, వాట్లు. పని ఒత్తిడిలో ఎంత వేడి వదులుతుందో, ఎంత వేడిని లాగే హీట్‌సింక్ కావాలో చెప్పే అంకె. ఐ3-2100కి 65 వాట్లు. ఐ7-2600కి 95. చిన్న హెచ్61 బోర్డుల్లో ప్రాసెసర్‌కి కరెంటు అందించే భాగాల మీద హీట్‌సింక్ కూడా ఉండదు. వేసవిలో నలభై డిగ్రీల గదిలో, దుమ్ము పట్టిన పెట్టెలో 95 వాట్ల చిప్పుని రోజంతా నడిపితే ఆ భాగాలు అలసిపోతాయి. ఐ7-3770 అయితే 77 వాట్లతోనే అంతకన్నా కాస్త ఎక్కువ పనే చేస్తుంది. రెండూ దొరికితే దాన్నే తీసుకోవాలి. ఐ3తో వచ్చిన పల్చటి అల్యూమినియం కూలర్‌నే ఐ7కి బిగించడం ఇంకో పొరపాటు. చిప్పుతో పాటు దానికి సరిపడే కూలర్ కూడా అడగాలి. దాన్ని పెట్టే ముందు పాత థర్మల్ పేస్టుని పూర్తిగా తుడిచి, కొత్తది బఠాణీ గింజంత వేస్తే చాలు. గోడకి సున్నం వేసినట్టు పూయక్కర్లేదు.

ఏఎండీ వాళ్లు అదృష్టవంతులే కానీ...

ఏఎండీ ఈ విషయంలో కాస్త దయగల అత్తగారు. 2017లో రైజెన్‌తో మన ఇళ్లకొచ్చిన ఏఎం4 సాకెట్‌ని ఏళ్ల తరబడి మార్చలేదు. అప్పటి బీ350, ఎక్స్370, ఏ320 బోర్డుల మీద కూడా, 2022లో వచ్చిన బయోస్ అప్‌డేట్ల తర్వాత, రైజెన్ 5000 వరస నడిచేందుకు వీలైంది. ఐదేళ్ల తేడా ఉన్న బోర్డూ చిప్పూ కలిసి కాపురం చేయడం ఈ రంగంలో అరుదు. 2017లో రైజెన్ 3 1200తో కట్టించుకున్న ఇంట్లో ఈ రోజు రైజెన్ 5 5600 పెట్టుకుంటే అదే బోర్డు, అదే ర్యామ్‌తో విండోస్ 11కి కూడా అర్హత వస్తుంది. ఆ 1200కి ఆ అర్హత లేదు. 2000 వరసలో చాలావాటికి ఉంది కానీ, మన దగ్గర బాగా అమ్ముడైన 2200జీ, 2400జీలకు లేదు.

అయితే ఇక్కడా ఓ గుంట ఉంది. రైజెన్ 3 1200, రైజెన్ 5 5600 లాంటి చిప్పుల్లో తెర మీద బొమ్మ వేసే గ్రాఫిక్స్ ఉండదు. ఏఎం4లో పేరు చివర ‘జీ’ ఉన్న 5600జీ లాంటివాటిలోనే ఉంటుంది. 1200 ఉన్న ఇంట్లో ఇప్పటికే గ్రాఫిక్స్ కార్డు ఉంటుంది కాబట్టి పర్లేదు. కానీ 2200జీ వాడుతున్నవాళ్లు కార్డు లేకుండానే నెట్టుకొస్తుంటారు. వాళ్లు 5600 కొనుక్కొస్తే అంతా సవ్యంగా ఉన్నా తెర నల్లగానే ఉంటుంది. ఇంటెల్‌లో ఇదే కథ ‘ఎఫ్’ అక్షరంతో నడుస్తుంది. ఐ3-9100ఎఫ్, ఐ5-9400ఎఫ్ చవగ్గా కనిపించేది అందుకే. గేమ్స్ ఆడే కుర్రాళ్లకు అది మంచి బేరం. కార్డు లేని ఇంటికి కాదు.

బోర్డు మార్చాల్సి వస్తే

జాబితా చూశాక కొందరికి బోర్డు కూడా మార్చక తప్పదని తేలుతుంది. అప్పుడు ముందు చూడాల్సింది ర్యామ్. హెచ్61, హెచ్81 ఇళ్లలో ఉన్నది డీడీఆర్3. అది ఈనాటి బోర్డులకు పనికిరాదు. హెచ్110లో కొన్నింటికి డీడీఆర్3, ఎక్కువవాటికి డీడీఆర్4. డీడీఆర్4 ఉన్నవాళ్లకు ఎనిమిది నుంచి పద్నాలుగో జనరేషన్ దాకా ఆ ర్యామ్ పనికొచ్చే బోర్డులు దొరుకుతాయి. ఏఎండీ ఏఎం5కి, ఇంటెల్ 1851కి మాత్రం డీడీఆర్5 ఒక్కటే దారి. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఆకాశాన్నంటడం చూసినవాళ్లకు, ఉన్న ర్యామ్ పనికి రావడమంటే ఎంత ఆదానో వేరే చెప్పక్కర్లేదు.

పదో, పదకొండో జనరేషన్లది 1200 సాకెట్. అక్కడా పాత చిక్కే. హెచ్410, బీ460 బోర్డుల్లో చాలావాటి మీద పదో జనరేషన్ నడుస్తుంది, పదకొండోది నడవదు. సాకెట్ మాత్రం ఒక్కటే! 1700 కాస్త నయం. పన్నెండు, పదమూడు, పద్నాలుగు, మూడింటికీ అదే. అయినా జాబితా చూడక తప్పదు.

బోర్డు మారిస్తే ఇంకో రెండు చూసుకోవాలి. బ్రాండెడ్ పెట్టెతో వచ్చిన విండోస్ లైసెన్సు సాధారణంగా ఆ బోర్డుకే ముడిపడి ఉంటుంది. బోర్డు పోతే అదీ పోయినట్టే. రెండోది పాత సామాను. డీటీపీ సెంటర్లలో, ఎరువుల దుకాణాల్లో, చిన్న ఆఫీసుల్లో లావుపాటి పిన్నుల కేబుల్‌తో నడిచే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు ఇంకా ఉన్నాయి. కొత్త బోర్డుల్లో ఎక్కువవాటికి ఆ పోర్టు ఉండదు. విండోస్ 7 మీద అను ఫాంట్లు, పేజ్‌మేకర్ పెట్టుకుని పెళ్లిపత్రికలు కొట్టేవాళ్లు ఏడో జనరేషన్ కొంటే మరో చిక్కు. ఆ జనరేషన్ నుంచి విండోస్ 7కి మద్దతే లేదు. అలాంటి చోట ఆరో జనరేషన్ దగ్గర ఆగి, ఆ సిస్టంని ఇంటర్నెట్‌కి దూరంగా ఉంచడమే తెలివైన పని.

ఏదీ కొనక్కర్లేని వాళ్లూ ఉన్నారు

ఎనిమిదో జనరేషనో, ఆపైదో ఉండి కూడా విండోస్ 11 ఎక్కడం లేదని ప్రాసెసర్ మార్చడానికి సిద్ధపడేవాళ్లున్నారు. వాళ్ల సిస్టంలో లోపమేమీ ఉండదు. విండోస్ 11 అడిగే ‘టీపీఎం 2.0’ బోర్డులోనే ఉండి, బయోస్‌లో ఆపేసి ఉంటుంది. ఇంటెల్‌లో దాని పేరు ‘పీటీటీ’, ఏఎండీలో ‘ఎఫ్‌టీపీఎం’. దాన్ని ఆన్ చేసి, సెక్యూర్ బూట్ కూడా పెడితే ఎక్కుతుంది. ఖర్చు సున్నా. షాపువాడు ఈ ముక్క తనంతట తాను చెబుతాడని ఎదురుచూడకూడదు.

ఇక నెమ్మదిగా ఉండటమే బాధైతే, నేరం ప్రాసెసర్‌ది కాకపోవచ్చు. టాస్క్ మేనేజర్ తెరిచి చూడాలి. డిస్క్ దగ్గర వంద శాతం, సీపీయూ దగ్గర ఇరవయ్యో ముప్ఫయ్యో కనిపిస్తే, పని చేయలేక చచ్చేది హార్డ్‌డిస్క్. దాని బదులు ఎస్ఎస్‌డీ పెడితే చాలు. హెచ్61 బోర్డులో సాటా వేగం సెకనుకు 3 గిగాబిట్లే. అయినా తేడా మొదటి రోజే తెలుస్తుంది. బోర్డు ఏదైనా, జనరేషన్ ఏదైనా సాటా ఎస్ఎస్‌డీ నడుస్తుంది. రేపు బోర్డు మార్చినా దాన్ని కొత్తదానికి తగిలించుకోవచ్చు. పాత సాకెట్‌లో పెట్టిన ఐ7కి ఆ గుణం లేదు. చేతిలో ఉన్నది కొంచెమే అయితే ముందు ఎస్ఎస్‌డీ, తర్వాత ర్యామ్, ఆఖరున ప్రాసెసర్.

775 సాకెట్ మీద కోర్ 2 డుయో నడుపుతున్నవాళ్లు మాత్రం డబ్బులు జేబులోనే ఉంచుకోవాలి. 915, 945, జీ41 అని ఆ ఒక్క సాకెట్‌లోనే లెక్కలేనన్ని బోర్డులు. 915 మీద కోర్ 2 డుయో నడవనే నడవదు. 945 మీద నడుస్తుందో లేదో బోర్డుని బట్టి. అన్నీ కలిసొచ్చి కోర్ 2 క్వాడ్ పెట్టినా, 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి విండోస్ 11 దాని మీద బూట్ కూడా కాదు. తేలికపాటి లినక్స్ ఏదైనా వేసుకుని ఉత్తరాలు టైపు చేసుకోవడానికి వాడుకోవచ్చు. పాపం, అది తన ఉద్యోగం పూర్తి చేసింది.

విండోస్ 10లోనే కొన్నాళ్లు ఉండాలనుకునే ఇళ్లకు మైక్రోసాఫ్ట్ అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం ప్రకటించింది. దానికి పెట్టిన గడువు 2026 అక్టోబరు 13. దానివల్ల పాత సిస్టం మీద బ్యాంకు లావాదేవీలు ఆ తేదీ దాకా కాస్త నిశ్చింత. ఆ తర్వాత డబ్బు వ్యవహారాలు ఆ కంప్యూటర్ మీద పెట్టుకోకపోవడమే మేలు.

మార్చే రోజున

అన్నీ సరిచూసుకుని ఇంట్లోనే మార్చుకునేవాళ్లకు రెండు మూడు మాటలు. ఏఎం4 చిప్పుకి పిన్నులు చిప్పు అడుగునే ఉంటాయి. పాత పేస్టు గట్టిపడి ఉంటే, కూలర్‌ని పైకి లాగగానే చిప్పు కూడా పిన్నులతో సహా ఊడి వచ్చేస్తుంది. అందుకని ముందు ఓ పావుగంట సిస్టం నడిపి వేడెక్కనిచ్చి, తర్వాత ప్లగ్గు పీకి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి, అప్పుడు ఎత్తాలి. ఇంటెల్‌లో పిన్నులు బోర్డు మీది సాకెట్‌లో ఉంటాయి. వెంట్రుకంత సన్నటివి. చిప్పుని నొక్కి కూర్చోబెట్టకూడదు. నొక్కులు చూసుకుని పైనుంచి వదిలితే దానంతటదే కూర్చోవాలి. సెకండ్‌హ్యాండ్ బోర్డు కొనేటప్పుడు సెల్‌ఫోన్ లైటు వేసి ఆ సాకెట్‌ని ఏటవాలుగా చూడాలి. ఒక్క పిన్ను వంగినా వెలుగులో వరస తప్పి కనిపిస్తుంది. అలాంటిది ఎంత తగ్గించినా తీసుకోవద్దు.

పాత ప్రాసెసర్‌ని ఆ రోజే అమ్మేయకూడదు. ఓ పది రోజులు దూది లేని చిన్న డబ్బాలో దాచాలి. కొత్తది మొరాయిస్తే, తప్పు చిప్పుదో బోర్డుదో తేల్చేది అదే. కొత్త బోర్డు కొంటే సాకెట్ మీద నల్లటి ప్లాస్టిక్ మూత ఒకటి వస్తుంది. చిప్పు పెట్టాక పనికిరాదని పారేస్తారు. వారంటీకి పంపేటప్పుడు ఆ మూత లేదని తిప్పి పంపే సర్వీసు సెంటర్లున్నాయి. బిల్లుతో పాటు దాన్నీ బీరువాలో పెట్టాలి.